పది ట్యాంకుల కుటుంబం

జెన్నీ ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటిలోపు ఫోన్‌లో ఆ పాఠం చివరి భాగం ముగించాలి. ఏడున్నరకు ముడిమ్యాలలో ఆటో ఎక్కి, చేవెళ్లలో మెహిదీపట్నం బస్సు పట్టుకొని మొయినాబాద్‌లో దిగాలి. కాలేజీ ఆఫీసులో హాల్‌టికెట్ తీసుకోవాలి. మర్నాడు ఇంజినీరింగ్‌లో ఆమెకు మొట్టమొదటి పరీక్ష. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. పాఠం పూర్తయినట్టు పచ్చ టిక్కు పడకపోతే హాల్‌టికెట్ రాదు. ఆ లింకు సాయంత్రం అయిదింటికి మూసుకుపోతుంది.

పాఠమంటే తాగుడు వల్ల కలిగే అనర్థాల మీద కొత్త విద్యార్థులందరికీ కాలేజీ పెట్టిన ఆన్‌లైన్ కోర్సు. పేరు 'మేలుకో మిత్రమా'. వీడియోల్లో కుర్రాళ్లు సోఫాల్లో కూర్చొని తాగుతారు, చివరికి ఆ సోఫాల్లోనే ఏడుస్తారు. పిల్లలకు చెప్పాల్సిన సంగతే. తప్పంతా చెప్పిన తీరులో ఉంది. కోర్సు మొదట "మీరు మద్యపానము సేవించుదురా?" అనే భాషలో వచ్చింది. దాన్ని జనం భాషలోకి మార్చే పని హేమచంద్ అనే లెక్చరర్‌కు అప్పగించారు. హేమచంద్ తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. అతను పుట్టి పెరిగింది అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో. పొలాలు అతనికి కారు అద్దంలోంచి మాత్రమే తెలుసు. అతను 'మద్యపానము సేవించుట' అని ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసి 'మందు కొట్టడం' అని పెట్టాడు. జనం భాష అంటే ఇదీ అని తన భుజం తానే చరుచుకున్నాడు.

ఆ రోజు ఉదయం జెన్నీ నలభయ్యో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ప్రశ్న ఇది: 'మీ కాలేజీ పరిసరాల్లో మందు దొరుకుతుందా?' కింద రెండు గడులు: దొరుకుతుంది, దొరకదు.

కాలేజీ గేటు ఎదురుగా ఒక జ్యూస్ సెంటర్ ఉంది. అక్కడ బత్తాయి అడిగితే బత్తాయి లేదంటారు, 'తెల్లది' అంటే వెంటనే సీసా ఇస్తారు. ఈ సంగతి కాలేజీలో చేరిన మూడో రోజుకే ప్రతి పిల్లకూ పిల్లాడికీ తెలిసిపోతుంది. జెన్నీ 'దొరుకుతుంది' నొక్కింది. ఎర్ర గీత పడింది. తప్పు జవాబు.

మళ్లీ అదే నొక్కింది. మళ్లీ తప్పు.

"అవ్వా, ఇదేంది? ఉన్నదంటే తప్పంటున్నది," అంది.

అవ్వ శాంతమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే అడిగింది. "ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి లేదని ఎట్ల నొక్కుతవ్? మొదలు వెట్టేటప్పుడు ఒట్టు గిట్ట పెట్టిచ్చుకున్నరంటివి గద?"

నిజమే. మొదటి పేజీలో 'నిజమే చెబుతానని ప్రమాణం చేస్తున్నాను' అన్న గడి నొక్కితేనే కోర్సు తెరుచుకుంటుంది. మిగతా పిల్లలు ఆ గడిని దాటిపోయారు. జెన్నీ చదివి నొక్కింది. అదీ తేడా. శాంతమ్మ పెంచిన పిల్ల ఇంకోలా ఉండదు. శాంతమ్మ భర్త శాంతయ్య గుడుంబా తాగి తాగి, కాలేయం కుళ్లి, నలభై ఏళ్లకే పోయాడు. రెండేళ్ల కింద ఊళ్లో బెల్టు షాపు పెడితే దాన్ని మూయించమని శాంతమ్మ ఆబ్కారీ వాళ్లకు పదకొండు దరఖాస్తులు పెట్టింది. ఒక్కదానికీ జీపు రాలేదు. పన్నెండో దరఖాస్తు రాయకుండా, ఇరవై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లి తానే తాళం వేసింది. ఆ తాళంచెవి ఇప్పటికీ ఆమె కొంగుకే ఉంది.

జెన్నీ మూడోసారీ 'దొరుకుతుంది' నొక్కింది. ఫోన్ మీద కొత్త వాక్యం వచ్చింది: 'మూడు తప్పు జవాబులు. మీ ఇంటి పెద్దలకు కాసేపట్లో కాల్ వస్తుంది.'

ఇంటి పెద్ద అంటే తండ్రి రత్నాకర్. రత్నాకర్ తెల్లవారకముందే టమాట చేలోకి వెళ్లాడు. అతని ఫోన్ గూట్లో ఛార్జింగ్‌కు ఉంది. జెన్నీ దాన్ని తీసి అవ్వ చేతిలో పెట్టింది.

"కాలేజోళ్లు ఫోన్ చేస్తరు. ఏమడిగినా నిజం చెప్పు. మధ్యల కట్ చెయ్యకు. నా హాల్‌టికెట్ దీని మీదనే ఉన్నది."

"నాకు చెప్తున్నవా నిజం చెప్పుమని?" అంది శాంతమ్మ.

జెన్నీ ఆటో ఎక్కిన పావుగంటకు ఫోన్ మోగింది. ఎవరో ఆడపిల్ల, చాలా మెత్తగా, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. అది మనిషి కాదు, యంత్రమని శాంతమ్మకు తెలియదు.

"నమస్కారం. మీ ఇంట్లో మందు కొట్టేవారు ఎవరు?"

"నా కొడుకు కొడ్తడు. ఇప్పుడు గూడ గదే పని మీదున్నడు. ఆనికి నడుము నొస్తే నేను కొడ్తా. మా జెన్నీ గూడ సెలవులల్ల కొడ్తది, పనిమంతురాలు."

"ధన్యవాదాలు. వారానికి ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. వాన పడ్డదంటే మూడు. కడుక్కపోతది గద."

"ఒకసారికి ఎంత?"

"పది ట్యాంకులు."

"ఏ సమయంలో?"

"తెల్లారక ముందే. ఎండెక్కితే పనిచెయ్యది బిడ్డా. మీది ఏ ఊరు?"

"ధన్యవాదాలు. కొట్టిన తర్వాత ఎలా ఉంటుంది?"

"తల తిర్గుతది. కండ్లు మండుతయ్. గాలికి ఎదురుంగ నిలవడి కొట్టొద్దు."

"మానేయాలని ఎప్పుడైనా ప్రయత్నించారా?"

శాంతమ్మకు నవ్వొచ్చింది. "మానితే ఏం తిని బతుకుతం? పోయినేడు పదిదినాలు మానితే టమాటంత పురుగువట్టి మునిగినం."

యంత్రానికి టమాటలతో, పురుగులతో పనిలేదు. ప్రశ్నకు సరిపోయే మాటలు మాత్రం ఏరుకొని మిగతావి పారేసింది. పదిన్నరకు హేమచంద్ కంప్యూటర్ మీద ఆ నివేదిక ఎర్ర అక్షరాల్లో వెలిగింది. 'మందు కొట్టేవారు: ముగ్గురు, విద్యార్థినితో సహా. వారానికి: రెండు లేదా మూడుసార్లు. ఒకసారికి: పది ట్యాంకులు. సమయం: తెల్లవారకముందే. మానే ఉద్దేశం: లేదు. హాల్‌టికెట్: నిలిపివేయబడింది.'

హేమచంద్ దాన్ని రెండుసార్లు చదివి, ప్రింటు తీసి ప్రిన్సిపల్ కృష్ణారావు గదికి పరుగెత్తాడు.

"సార్, ఈ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుంటుంది. ఎప్పుడూ అనుమానం రాలేదు సార్."

కృష్ణారావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ట్యాంకు అంటే ఏంటయ్యా?"

"తెలీదు సార్. క్వార్టర్, హాఫ్, ఫుల్ వరకే తెలుసు."

"ఫుల్ తర్వాతదేమో. ఇక్కడి లోకల్ కొలత అయ్యుంటుంది. తెల్లవారకముందే పది! ముసలావిడ కూడానా?"

"ఆవిడే చెప్పింది సార్. సిగ్గు కూడా పడలేదు. 'పనిమంతురాలు' అని మనవరాల్ని మెచ్చుకుంది కూడా."

జెన్నీని పిలిపించి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎందుకో చెప్పలేదు. అడిగితే 'ఇంటి నుంచి ఎవరైనా రావాలి' అన్నారు. అడ్మిషన్ ఫారంలో 'ఊళ్లో తెలిసిన పెద్ద' అన్నచోట ముడిమ్యాల చర్చి పాస్టర్ అంజిలయ్య పేరూ నెంబరూ ఉన్నాయి. హేమచంద్ ఆయనకు ఫోన్ చేశాడు. అది కలిసేసరికి మధ్యాహ్నం రెండయింది.

"పాస్టర్ గారూ, రత్నాకర్ గారి కుటుంబం బాగా మందు కొడుతున్నారని మాకు తెలిసింది. మీ దృష్టికి వచ్చిందా?"

"తెల్వకేంది సార్! ఆళ్లొక్కరే గాదు, ఊరంత కొడ్తది."

"మరి మీరు చెప్పరా అండీ?"

"చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది. గా దుకాణంల మందు మానుండ్రి, పానానికి మంచిది గాదు అని ప్రతి ఆదివారం చెప్త. నేనైతే దాన్ని ముట్టక మూడేండ్లాయె."

హేమచంద్‌కు ప్రాణం లేచొచ్చింది. "చాలా సంతోషమండీ. మీలాంటివాళ్లే ఆదర్శం."

"నాది నేనే ఇంట్ల తయారు జేసుకుంట సార్."

హేమచంద్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏం... తయారు?"

"పెద్ద డ్రమ్ముల నల్లబెల్లం నానేస్త. పప్పుల పిండి కలుపుత. వారం దినాలు పులవెడ్త. పొద్దుమాపు కట్టెతోని తిప్పాలె. జర వాసనొస్తది గని, పవర్ మాత్రం మస్తుంటది."

చేలకు పోసే ఆ జీవామృతంలో ఆవుపేడ, ఆవుమూత్రం కూడా పడతాయని అంజిలయ్య చెప్పలేదు. చదువుకున్న సారుతో ఫోన్‌లో ఆ మాటలెందుకని మొహమాటపడ్డాడు. ఈ కథలో మర్యాదగా నడుచుకున్న మనిషి ఆయనొక్కడే. కొంప మునిగింది కూడా ఆ మర్యాదతోనే.

"ఇది... ఇంకెవరికైనా ఇస్తారా?" హేమచంద్ మెల్లగా అడిగాడు.

"ప్రార్థన అయినంక సంఘంల తలా అయిదు లీటర్లు పోస్తున్న. ఫ్రీగనే. మీకు గూడ గావాల్నా సార్?"

హేమచంద్ ఫోన్ పెట్టేశాడు. ప్రిన్సిపల్ గది తలుపు తట్టడం మరిచిపోయి లోపలికి దూసుకుపోయాడు. "సార్! పాస్టర్ గుడుంబా కాస్తున్నాడు! చర్చిలో పంచుతున్నాడు! నన్ను కూడా రమ్మంటున్నాడు!"

కృష్ణారావుకు పిల్లల తాగుడంటే భయం లేదు, పేపర్లో కాలేజీ పేరు రావడమంటే భయం. వెంటనే ఆబ్కారీ వాళ్లకు ఫోన్ చేసి అడ్రసు చెప్పాడు. కాగితం కావాలంటే లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి వాట్సాప్‌లో పంపాడు: 'మా విద్యార్థులకు మందు అందుతున్న స్థలాన్ని వెంటనే తనిఖీ చేసి మూయించగలరు.' ఊరి పేరు, పాస్టర్ పేరు రాతలో ఉంటే తనకు చుట్టుకుంటుందని, జాగ్రత్తగా రాయకుండా వదిలేశాడు.

పదకొండు దరఖాస్తులకు రాని జీపు నలభై నిమిషాల్లో ముడిమ్యాలకు వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ జైపాల్ దిగి నేరుగా పాస్టర్ ఇంటి వెనక్కి నడిచాడు. అంజిలయ్య పూలతోట పక్కన నీలం డ్రమ్ము, దాని మీద గోనెపట్టా. జైపాల్ ఇరవై ఏళ్లుగా గుడుంబా పట్టినవాడు. అతని పరీక్ష ఒక్కటే. పట్టా ఎత్తాడు, వేలు ముంచాడు, నాలుక మీద పెట్టుకున్నాడు.

"అయ్యో! అది ఆవు ఉచ్చ సార్!" అని అంజిలయ్య అరిచేసరికి ఆలస్యమైంది.

తర్వాతి పది నిమిషాలు జైపాల్ కుళాయి దగ్గరే గడిపాడు. ఊరు గుమిగూడింది. చేలోంచి శాంతమ్మ కూడా వచ్చింది. వీపు మీద మందు కొట్టే ట్యాంకు అట్లాగే ఉంది. పొద్దున కొడుకుకు నడుము పట్టేస్తే, మిగిలింది ఎండ తగ్గాక ఆమె కొడుతోంది. జీపును చూసి ఆమెకు మొదట తన కళ్లను నమ్మబుద్ధి కాలేదు.

"గీ జీపుకు మా ఊరి తొవ్వ తెల్సా? పదకొండు కాయితాలు రాస్తె పెట్రోల్ లేదంటిరి. పేడ డ్రమ్ముకు మాత్రం పెట్రోల్ దొరికిందా?"

"అమ్మా, కాలేజోళ్లు లెటర్ ఇచ్చిన్రు. మాకేం తెల్సు?" అన్నాడు జైపాల్ పుక్కిలిస్తూ.

"ఏ కాలేజి?"

చెప్పాడు. అదే సమయానికి కొడుకు ఫోన్ ఆమె కొంగులో మోగింది. జెన్నీ.

"అవ్వా, హాల్‌టికెట్ ఆపిన్రు. మన ఇంట్లందరం తాగుతమంట! నువ్వే చెప్పినవంటున్నరు. టైమ్ మూడు దాటింది, పొద్దుగాల సంది నన్ను గీడనే కూసోబెట్టిన్రు. అయిదింటికి లింక్ బంద్ అయితది."

శాంతమ్మ ఇంకేమీ అడగలేదు. వెళ్లి జీపు ముందు సీట్లో కూర్చుంది. ట్యాంకు ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, ఇది సర్కారు బండి," అన్నాడు జైపాల్.

"సర్కారు బండే గద, నీది గాదు గద. నడువ్. లెటర్ పంపినోనికి జవాబు చెప్పొద్దా?"

నాలుగు గంటలకు శాంతమ్మ ప్రిన్సిపల్ గదిలోకి ట్యాంకు వీపున వేసుకొని వచ్చింది. వెనక జెన్నీ, ఆ వెనక జైపాల్. కృష్ణారావు లేచి నిలబడ్డాడు. యూనిఫాం మనిషి వస్తే లేవడం ఆయనకు అలవాటు.

"మా ఇంట్ల మందు కొడ్తరన్నది ఎవరు?"

"మీరే అన్నారండీ. రికార్డు ఉంది," అన్నాడు హేమచంద్ ప్రింటు చూపిస్తూ.

"అన్న. ఇప్పుడూ అంట. కొడ్తం." ఆమె ట్యాంకు దించి బల్ల మీద ఫైళ్ల పైన పెట్టింది. "గిది ఒక ట్యాంకు. పదహారు లీటర్లు. గిసొంటియి పది. టమాటకు పురుగువడ్తే మందు గాక, మీ సోఫాల పాఠం కొట్టమంటవా?"

గదిలో పురుగుమందు వాసన నిండింది. హేమచంద్ ట్యాంకును చూశాడు. దాని గొట్టాన్ని చూశాడు. తాను తిరగరాసిన నలభై ప్రశ్నలూ ఒక్కొక్కటే అతని మొహంలో కనబడ్డాయి.

"అంటే... మందు కొట్టడం అంటే..."

"తాగుడంటే తాగుడని రాయి. బువ్వ వెట్టే పనికీ, బువ్వ గుంజుకునే పనికీ ఒక్కటే మాట వెట్టి గా మెత్తని పిల్లతోని ఫోన్ల అడిగిస్తివి."

జైపాల్ మూలన నిలబడి, "నాకు కొంచెం సోంపు దొరుకుతదా సార్?" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

హేమచంద్ వెంటనే కంప్యూటర్ ముందు కూర్చొని కుటుంబం మీద పడ్డ ఎర్ర ముద్ర తీసేశాడు. అందుకు నొక్కాల్సిన గడి ఒక్కటే ఉంది: 'మానేశారు'. జెన్నీ ఫోన్ చూసుకుంది. పచ్చ టిక్కు రాలేదు. నలభయ్యో ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది.

"సార్, దొరుకుతదని నొక్కితే తప్పంటున్నది," అంది.

హేమచంద్ తల దించుకున్నాడు. "దానికి 'దొరకదు' అన్నదే సరైన జవాబుగా పెట్టాం. ఈ కోర్సు నడిపే కంపెనీ సర్వర్‌లో ఉంది. ఈ సెమిస్టర్ అయ్యేదాకా మార్చలేం."

"ఎవరు పెట్టించిన్రు సార్?"

కృష్ణారావు గడియారం వైపు చూశాడు. కాలేజీ వెబ్‌సైట్ మీద 'మద్యరహిత పరిసరాలు' అని పెద్ద అక్షరాలతో రాయించిందీ ఆయనే. "చూడమ్మా, టైమ్ నాలుగూ ఇరవై. ఒక్క వేలు. 'దొరకదు' అని నొక్కేసెయ్, హాల్‌టికెట్ తీసుకో, ఇంటికెళ్లి చదువుకో. అందరూ అదే నొక్కారు."

జెన్నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. పరీక్ష పోతే పోయేది ఆమెదే. ఈ గదిలో ఇంకెవరికీ ఏమీ పోదు. ఆమె వేలు ఫోన్ మీదకు వచ్చి ఆగింది. "అవ్వా, ఏం చెయ్యాలె?"

"అబద్ధం నొక్కకు," అంది శాంతమ్మ. "లేదు అని నొక్కాల్నంటే, లేకుంట చేసినంక నొక్కు. జైపాలన్నా, గా లెటర్ తియ్యి."

"ఎందుకమ్మా?"

"తియ్యి. జెన్నీ, సదువు."

జెన్నీ జైపాల్ ఫోన్ అందుకొని పైకి చదివింది. "'మా విద్యార్థులకు మందు అందుతున్న స్థలాన్ని వెంటనే తనిఖీ చేసి మూయించగలరు.' కింద ప్రిన్సిపల్ సార్ సంతకం ఉన్నది."

"మా ఊరి పేరున్నదా?"

"లేదు."

"పాస్టర్ అయ్యగారి పేరు?"

"అదీ లేదు."

"విద్యార్థులకు మందు ఏడ అందుతున్నది?"

జెన్నీ కిటికీలోంచి గేటు వైపు చూపించింది. కృష్ణారావు కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, ఆ లెటర్ ఉద్దేశం అది కాదు..."

"ఉద్దేశం కాయితం మీద లేదు సార్," అంది శాంతమ్మ. "సంతకం ఉన్నది."

జైపాల్ కాసేపు నసిగాడు. పైవాళ్లను అడగాలన్నాడు, సాయంత్రమైందన్నాడు. శాంతమ్మ ట్యాంకు మళ్లీ వీపున వేసుకొని, తలుపు దగ్గరికి వెళ్లి ఆగింది. "నువ్వొస్తవా? నేను పోయి, ఇందాక ఆబ్కారాయన ఆవు ఉచ్చ తాగిన సంగతి గేటు కాడ నిలవడి చెప్పుకుంట పిలగాండ్లను పోగు జెయ్యాల్నా?"

జైపాల్ ముందు నడిచాడు.

జ్యూస్ సెంటర్‌లో గాజు పెట్టె మీద ఎండిపోయిన బత్తాయిలు మూడున్నాయి. అవి కాలేజీ తెరిచిన నాటి నుంచీ అవే మూడు. జైపాల్ అయిసు పెట్టె మూత తీశాడు. ఈసారి వేలు ముంచలేదు. శాంతమ్మే చేతులు పెట్టి సీసాలు తీసి రోడ్డు మీద వరసగా నిలబెట్టింది. దుకాణం మనిషి వెనక తలుపులోంచి చిల్కూరు రోడ్డు పట్టాడు. క్లాసులు వదిలిన పిల్లలు గేటు దగ్గర మూగారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు చాలా విచారంగా చూశారు.

సీసాలు జీపు ఎక్కాయి. షట్టరు పడింది. జైపాల్ తాళం తెచ్చుకోలేదు, ఆబ్కారీ జీపులో తాళం ఉండే అలవాటు లేదు. శాంతమ్మ కొంగుముడి విప్పింది. రెండేళ్ల కింది తాళంచెవి పక్కనే ఆ పాత తాళం కూడా ఉంది. బెల్టు షాపు ఎత్తేశాక దాన్ని చేని గేటుకు వేస్తోంది, మధ్యాహ్నం గేటు తీసి కొంగున కట్టుకుంది. దాన్ని షట్టరుకు వేసి, రెండుసార్లు గుంజి చూసింది.

"ఇప్పుడు ఉన్నదా, లేదా?" అంది.

జెన్నీ షట్టరు వైపు చూసి, 'దొరకదు' నొక్కింది. పచ్చ టిక్కు పడింది. టైమ్ నాలుగూ యాభై మూడు.

హేమచంద్ స్వయంగా పరుగెత్తి హాల్‌టికెట్ ప్రింటు తెచ్చి ఇచ్చాడు. మర్నాడు జెన్నీ పరీక్ష రాసింది, బాగానే రాసింది. రెండు రోజుల తర్వాత కాలేజీ వెబ్‌సైట్‌లో, ఆ సాయంత్రం మూసిన షట్టరు ముందు దిగిన కృష్ణారావు ఫోటో వచ్చింది. 'మా చొరవతో మద్యరహిత పరిసరాలు' అని కింద రాశారు. ఫోటో అంచున ఎవరిదో సగం ట్యాంకు కనబడుతుంది.

వారం తిరిగాక, శాంతమ్మ టమాట చేను గట్టు మీద వానకు సంచి కప్పుకొని కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. అదే మెత్తని గొంతు.

"అభినందనలు. మీ కుటుంబం మందు మానేసి నేటికి ఏడు రోజులు. మళ్లీ ఎప్పుడు కొట్టాలనిపిస్తోంది?"

శాంతమ్మ ఆకాశం వైపు చూసి, "వాన ఎలవనియ్యి బిడ్డా," అంది.